అడిగితే లేదనకూడని రోజు

కాచిగూడ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో మొన్న కోలలున్నాయా అని అడిగాను. గల్లా దగ్గరున్న అబ్బాయి కాసేపు ఆలోచించి, "దాండియా స్టిక్సా మేడం? అవి దసరాకొస్తయి" అన్నాడు. హోలీకి ఇంకో వారం ఉంది. దుకాణం ముందు రంగుల బస్తాలు మూతులు విప్పి పెట్టారు. తాళ్లకు పిచికారీలు వేలాడుతున్నాయి. ఓ మూల చక్కెర పేర్లు కూడా కనిపించాయి. హోలీకి కోలలతో పనేంటన్నట్టు చూశాడతను. అతన్నని లాభం లేదు. అతను పుట్టేనాటికే మా గల్లీల్లో జాజిరి ఆగిపోయి ఉంటుంది.

తెలంగాణలో ఈ పండక్కి పాత పేరు కాముని పున్నం. రంగు చల్లుకోవడం ఆఖరి పూట తతంగం. అసలు సందడి అంతకు ఎన్నో రోజుల ముందే మొదలై, ఫాల్గుణమాసపు వెన్నెలతో పాటు పెరుగుతూ వచ్చేది. రాత్రి అన్నాలయ్యాక పిల్లలు గుంపు కట్టి, రెండు చేతుల్లో రెండు కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేవాళ్లు. పల్లెల్లో ఆడపిల్లలు విడిగా చేరి, గుండ్రంగా తిరుగుతూ చప్పట్లతో పాడేవాళ్లు. కాచిగూడలో మాకు అంత పట్టింపు లేదు. ఎనిమిదేళ్ల పిల్ల కోల పడితే ఎవరూ ఏమనేవాళ్లు కాదు. పన్నెండేళ్లొస్తే అనేవాళ్లు. అది తర్వాత చెప్తాను.

కోలల్లో కూడా తరతమాలుండేవి. కాస్త ఉన్నవాళ్ల పిల్లలవి వడ్రంగి తరిమెన పట్టినవి. ఎరుపూ ఆకుపచ్చా లక్కపూత, చివర చిన్న గజ్జెలు. మావి బూజుకర్ర నరికి చేసుకున్నవి. ఎండిన కట్టె మోత బాగుంటుందని ముందుగానే అటక మీద పడేసి ఉంచేవాళ్లం. టేకు కోల 'టక్కు'మంటుంది, వెదురుది 'టప్పు'మంటుంది. చీకట్లో గుంపు కనపడకపోయినా, మోతను బట్టి వచ్చేది మన గల్లీవాళ్లో నింబోలిఅడ్డా వాళ్లో చెప్పేయొచ్చు.

గుంపులో ఎవరి పని వాళ్లదే. పాట ఎత్తేవాడొకడు, అందుకునేవాళ్లు పదిమంది. బియ్యం వేసేవాళ్ల కోసం ఒకడి భుజాన సంచి. రతీదేవి వేషం ఒకడికి. అక్క లంగా ఓణీ కట్టి, మసిబొట్టు పెట్టి, ముక్కు చీదుతూ నడిచేవాడు. వాడు ఎంత బాగా ఏడిస్తే అంత కలెక్షన్. పైసల డబ్బా నాది. మూతకి చీలిక కొట్టిన డాల్డా డబ్బా. ఆడపిల్ల చేతిలో ఉంటే పైసలు ఎటూ పోవని పెద్దపిల్లల నమ్మకం. వాళ్ల నమ్మకాన్ని నేను పూర్తిగా నిలబెట్టానని చెప్పలేను కానీ, పోయినవి పిప్పరమెంట్ల మందమే.

మా గల్లీలో అన్ని రకాల ఇళ్లూ ఉండేవి. మరాఠీవాళ్లు, మార్వాడీలు, రైల్వే ఉద్యోగులు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, మేము. 1956 దాకా ఔరంగాబాద్, బీడ్, పర్భణీ, నాందేడ్, ఉస్మానాబాద్ జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలోవే కదా. మన్మాడ్ నుంచి వచ్చే మీటర్ గేజీ బండి ఔరంగాబాద్, పర్భణీ, నాందేడ్‌ల మీదుగా కాచిగూడకి చేరేది. 1916లో నిజాం కట్టించిన ఆ గుమ్మటాల స్టేషన్లో దిగినవాళ్లు చాలామంది మరీ దూరం పోకుండా చుట్టుపక్కలే కిరాయికి ఇళ్లు వెతుక్కున్నారు. అందుకని మా జాజిరికి ఒకే గల్లీలో మూడు భాషల్లో తిట్లు, మూడు భాషల్లో దీవెనలు దొరికేవి.

ఇవ్వనంటే ఊరుకునేవాళ్లం కాదు. ఆ ఇంటాయన పిసినారితనం మీద పాట ఎత్తేవాడు అక్కడికక్కడే ఒక చరణం కట్టేవాడు. రేపటికల్లా అది గల్లీ అంతా తిరుగుతుంది. ఆ భయానికైనా ఇవ్వాల్సిందే. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉండేవాడు. తలుపు సగమే తెరిచేవాడు.

"నిన్ననే వచ్చిన్రు గదరా!"

"అది వేరే గుంపు తాతా."

"అందరి మొఖాలు ఒక్కతీర్గనే ఉన్నయి."

అంటూనే బనీను జేబులో చెయ్యి పెట్టేవాడు. ఇరానీ హోటల్ యజమాని అయితే మా పాట ఏ దేవుడిదో కూడా అడిగేవాడు కాదు. ఉస్మానియా బిస్కెట్లు గుప్పెడు తీసి సంచిలో వేసి, గిరాకీకి అడ్డం రాకుండా పొమ్మనేవాడు. సంవత్సరమంతా "పక్కకు జరుగు", "గమ్మునుండు", "పెద్దలు మాట్లాడుతుంటే నీకేం పని" అనిపించుకునే పిల్లలం. ఆ వారం రోజులూ మేం వీధిలోకి వస్తే పెద్దలే లేచి తలుపు తీసేవాళ్లు. ఆ దర్జా నాకు మళ్లీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

పైసలు కర్పూరానికీ, కిరసనాయిలుకీ, చక్కెర పేర్లకీ. కట్టెలు మాత్రం కొనేవి కావు, ఎత్తుకొచ్చేవి. విరిగిన మంచంకోళ్లు, ఎక్కాబండి చక్రం ముక్క, పెరట్లో పేర్చిన పిడకలు. పున్నం ముందు రాత్రి పెద్దలు వాకిట్లో మంచాలేసుకుని కావలి పడుకునేవాళ్లు. ఒకసారి కావలి పడుకున్న మనిషిని మెల్లిగా అరుగు మీదికి చేర్చి, ఆయన మంచమే పట్టుకుపోయారని చెప్పుకునేవాళ్లు. నేను చూడలేదు. కానీ మా గల్లీలో దాన్ని నమ్మనివాళ్లు లేరు.

కాముడు మండేటప్పుడు తెలుగిళ్లవాళ్లం పాట పాడేవాళ్లం. మరాఠీ పిల్లలు మంట చుట్టూ తిరుగుతూ, అరచేతిని తిరగేసి నోటి మీద కొట్టుకుంటూ కేకలు పెట్టేవాళ్లు. ఆ కేక రాని పండగ పండగే కాదు వాళ్లకి. తెల్లారాక పక్కింటి కాకూ ఆ నిప్పుల మీద నీళ్లు కాచి పిల్లలకు పోసేది. మా నాయనమ్మ బూడిద తెచ్చి నుదుట పెట్టేది. మేనమామ చక్కెర పేర్లు మెళ్లో వేసేవాడు. మధ్యాహ్నానికి చెమటకి అవి కరిగి మెడంతా జిగటజిగటగా అయ్యేది. చీమలు కూడా పండగ చేసుకునేవి.

*

పన్నెండేళ్లొచ్చిన ఏడు డాల్డా డబ్బా తమ్ముడి చేతికి పోయింది. ఎవరూ కోప్పడలేదు. "ఇంక నువ్వు మిద్దె మీంచి చూడు" అంది అమ్మ, అంతే. హోలీ రోజు బయటికి వెళ్లడం అయితే పూర్తిగా బంద్. మోదుగపూలు ఉడకబెట్టి తీసిన రంగు పోయి, వెండిరంగు పెయింటు, బండి గ్రీజు వచ్చాయి. సైకిళ్ల మీద గుంపులుగా తిరిగే కుర్రాళ్లకి ఆ రోజు ఏం చేసినా అడిగేవాళ్లుండరు. ఉస్మానియా క్యాంపస్‌లో చదివిన రోజుల్లోనూ అంతే. తార్నాకలో గది తీసుకున్న స్నేహితురాళ్లు హోలీ ముందురోజే పాలూ బ్రెడ్డూ కొనిపెట్టుకుని తలుపేసుకునేవాళ్లు. పెద్దల్ని లేపి తలుపు తీయించే పండగ, మా వయసు వచ్చేసరికి మమ్మల్ని తలుపు వెనక పెట్టేసింది.

ఆ స్నేహితురాళ్లలో ఒకామె ఠాణే పిల్ల. మరాఠీ మాట్లాడేది. బెనె ఇజ్రాయెల్, అంటే కొంకణ తీరపు యూదులు. ఎన్నో తరాల కిందట అక్కడ గానుగలాడించి నూనె తీసి బతికారు. శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి ఊళ్లోవాళ్లు 'శనివార్ తేలీ' అన్నారు. తర్వాత రైల్వేల్లో, తంతి తపాలాల్లో, ఆసుపత్రుల్లో ఉద్యోగాలకొచ్చారు. ఠాణేలో 1879 నాటి సినగాగ్ వాళ్లది. హైదరాబాద్‌లో అలాంటిది లేదు. ఫాల్గుణంలో ఒకరోజు ఆమె మొహం వేలాడేసుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే, ఏమైందని అడిగాను. రేపు రాత్రి తమ పండగని, ఇంటికి పోలేకపోయానని చెప్పింది. పండగ పేరు పూరీం. "మా ఇళ్లల్లో పెద్దవాళ్లు హోళీచా సణ్ అంటారు" అంది. హోలీ పండగ అని! రెండూ పున్నమికే వస్తాయి, నెల కూడా దాదాపు ఒకటే. మనకు అధికమాసం ఉన్నట్టే వాళ్లకూ ఉంది. అవి కలవని ఏడు నెల ఎడం పడుతుంది, కలిసిన ఏడు పక్కపక్కనే. 2025లో అయితే కాముడు కాలిన రాత్రే పూరీం రాత్రి కూడా, మార్చి 13.

"మా ఇంటికి రా" అన్నాను.

మర్నాడు సాయంత్రం రైల్లో వచ్చాం. ఆ లైనులో క్యాంపస్‌కి రెండు స్టేషన్లు, ఆర్ట్స్ కాలేజీ ఒకటి, జామై ఉస్మానియా ఒకటి. ఆ తర్వాత విద్యానగర్, ఆపైన కాచిగూడ. ఆమె ఆ పగలంతా ఉపవాసం. పూరీం ముందురోజు ఎస్తేరు పేరు మీద పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరట. మా నాయనమ్మకి ఆ ఒక్కమాటతో ఆ పిల్ల తెగ నచ్చేసింది. "ఒక్కపొద్దున్న పిల్ల. పొద్దుగూకంగనే పెట్టున్రి" అని వంటింట్లోకి కేకేసింది. కానీ ముందు చదవాలి, తర్వాతే తినాలి అంది ఆమె. చిన్న మరాఠీ పుస్తకం తీసింది. ఎస్తేరు గ్రంథం. చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు తెలిసిన కథే. హిందూదేశం నుంచి కూషు దాకా 127 సంస్థానాలేలే పర్షియా రాజు. అతని మంత్రి హామాను. తనకు మొర్దెకై వంగి దండం పెట్టలేదని కోపం వచ్చి, యూదులందర్నీ చంపించడానికి చీట్లు వేసి ముహూర్తం పెట్టిస్తాడు. మొర్దెకై పెంచిన పిల్లే ఎస్తేరు, రాజుగారి రాణి. తాను యూదురాలినన్న సంగతి అన్నాళ్లూ దాచి, రాజునీ మంత్రినీ విందుకు పిలిచి, రాజు ముందు మంత్రి గుట్టు బయటపెడుతుంది. మొర్దెకై కోసం నిలబెట్టించిన ఉరికొయ్యకే హామాను వేలాడతాడు.

పద్ధతేంటంటే, హామాను పేరు వినపడినప్పుడల్లా ఆ పేరు వినపడకుండా మోత మోగించాలి. గిలకల్లాంటివి తిప్పుతారు, కాళ్లు నేలకేసి కొడతారు. ఆ పేరు గ్రంథంలో 54 సార్లు వస్తుంది. మా ఇంట్లో గిలకలెక్కడివి? తమ్ముడు ఇత్తడి తాంబాళం, గరిటె పట్టుకున్నాడు. నేను అటక మీంచి నా పాత కోలలు దింపాను. నాయనమ్మ దంచుడు రోకలిని ముందు పెట్టుకుని కూచుంది. మరాఠీ చదువుడు వినపడి పక్కింటి కాకూ గోడ దగ్గరికొచ్చి, కాసేపటికి లోపలికే వచ్చేసింది. ఆమె విని, తన తెలుగులో నాయనమ్మకి చెప్పాలి. అందువల్ల రోకలి ప్రతిసారీ ఆలస్యంగా పడేది. మేం హామానును ముంచేసి ఊపిరి పీల్చుకున్నాక, "ఆఁ, వాడేనా!" అని నాయనమ్మ ధన్‌మని కొట్టేది. చదివే పిల్ల నవ్వాపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేది.

చివరికొచ్చేసరికి ఆ పిల్ల ఊపిరి బిగబట్టి గబగబా పది పేర్లు చదివింది. ఏంటవని కాకూ అడిగింది. హామాను కొడుకులు. పదిమందినీ చంపి, ఉరికొయ్యకెక్కించారు. ఆ పేర్లు ఒక్క ఊపిరిలో చదవాలని ఆచారం. నాయనమ్మ రోకలి పక్కన పెట్టింది.

"పిల్లలనుగూడనా?"

"పెద్దపిల్లలే నాయనమ్మా" అంది ఆమె, కాస్త ఇబ్బందిగా.

"కాముణ్ని కాల్చినా, పెండ్లాం ఏడుస్తది అని మనం గూడ ఇంత ఏడుస్తం. వీనికి ఏడ్చెటోళ్లు లేరు."

ఆ గ్రంథం చివర్లో యూదులు తిరగబడి చంపిన శత్రువుల లెక్క 75,000 అని ఉంటుంది. చంపబోయినవాళ్లనే చంపామని ఆ జాతి చెప్పుకుంటుంది. తరతరాలు తరిమి కొట్టబడినవాళ్లకి ఒక్క కథలోనైనా గెలవాలని ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. అయినా ఈ ఒక్క చోట నేను మా నాయనమ్మ పక్షమే. మన కాముడు శత్రువు కాదు, ఆయనకు చెడ్డపేరు కూడా లేదు. శివుడి తపస్సు చెడగొట్టమని దేవతలే పంపితే పోయి మూడోకంటికి బూడిదయ్యాడు. ఆయన్ని కాలుస్తూ రతీదేవికి ఓదార్పు పాడతాం. ఉత్తరాదివాళ్లు హోలికను కాలుస్తూ ఏడ్వరు కాబట్టి వాళ్ల హోలీ పూరీంకి ఇంకొంచెం దగ్గర అనుకుంటాను.

భోజనం దగ్గర ఆమె పూరీం నియమాలు చెప్పింది. కనీసం ఒక స్నేహితుడికి రెండు రకాల తినుబండారాలు పంపాలి. కనీసం ఇద్దరు పేదలకు ఏదైనా ఇవ్వాలి. అన్నింటికంటే నాకు నచ్చింది, ఆ రోజు చెయ్యి చాచినవాళ్లెవరైనా సరే, వాడు నిజంగా బీదవాడేనా, మనవాడేనా అని ఆరా తీయకుండా ఇచ్చెయ్యాలట. "గంతే గద మన జాజిరి" అంది నాయనమ్మ, ఆమె విస్తట్లో ఇంకో బచ్చం వేస్తూ. మగవాళ్లు ఆడవేషాలు వేసుకుంటారని కూడా ఆ పిల్ల చెబితే, మా తమ్ముడు రతీదేవి కట్టిన ఏడు ఓణీ కాల్చుకున్న కథ మొదలైంది.

తర్వాత్తర్వాత చదివితే తెలిసింది, మంట కూడా ఉండేదట. బాబిలోనియాలో పూర్వం యూదు కుర్రాళ్లు హామాను బొమ్మ చేసి నాలుగైదు రోజులు మిద్దె మీద వేలాడదీసి, పూరీం నాడు మంటలో వేసి, పాడుతూ ఆ మంట మీంచి దూకేవాళ్లు. రోము చక్రవర్తి రెండో థియోడోసియస్ క్రీ.శ. 408లో ఇలా హామానును తగలబెట్టొద్దని చట్టమే చేశాడు. శిలువను వెక్కిరిస్తున్నారని అనుమానం. కాచిగూడలో అదృష్టవశాత్తూ మా మంటకి చక్రవర్తులెవరూ అడ్డం రాలేదు.

హైదరాబాద్‌కీ యూదులకీ చుట్టరికం మా ఇంటి బచ్చాల విందుతో మొదలవలేదు లెండి. కాషాన్‌లో యూదుల ఇంట పుట్టి, ముస్లింగా మారి, చివరికి ఏ మతానికీ పూర్తిగా చిక్కని పారశీ కవి సర్మద్ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడున్నాడు. దబిస్తాన్-ఎ-మజాహిబ్ రాసినాయన ఆయన్ని 1647లో హైదరాబాద్‌లోనే కలిసి, యూదుల మతం గురించిన అధ్యాయానికి సరుకు సంపాదించాడు. ఔరంగజేబు ఆ సర్మద్ తల తీయించాడు, ఢిల్లీ జామా మసీదు పక్కన సమాధి ఉంది. ఇక తెలుగే మాతృభాషైన యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, క్రైస్తవం నుంచి వచ్చి తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే మాదిగ కుటుంబాలు సినగాగ్ కట్టుకున్నాయి.

*

జాజిరి ఒక్కరోజులో పోలేదు. ముందు కిరాయి ఇళ్లు కూలి అపార్టుమెంట్లు లేచాయి. నాలుగంతస్తులెక్కి పాడటానికి పిల్లలకి ఊపిరి చాలదు, పైగా కింద వాచ్‌మన్. పది, ఇంటర్ పరీక్షలు సరిగ్గా పున్నం రోజుల్లోనే పడతాయి. రాత్రిపూట పిల్లల్ని వీధిలోకి వదలడానికి భయం, ఆ భయానికి కారణాలు లేకపోలేదు. పిల్లలు తలుపు కొట్టి డబ్బులడగడం అడుక్కోవడమేననే సిగ్గు ఒకటి మధ్యతరగతిలో ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంది. తీరా చూస్తే కాముడు ఇప్పటికీ కాలుతూనే ఉన్నాడు, మునుపటికంటే ఎత్తుగా. కట్టెలు అడితి నుంచి ఆటోలో వస్తాయి, చందా ఫోన్లో క్యూఆర్ కోడ్‌కి పోతుంది. పాటకి డీజే.

ఇందులో బాగుపడ్డవి లేవా అంటే ఉన్నాయి. ఎవరి మంచమూ పోవడం లేదు, గ్రీజు తగ్గింది. మా అపార్టుమెంటు సెల్లార్లో హోలీ పొద్దున ఆడవాళ్లు, ఆడపిల్లలు, కోడళ్లు, అత్తలు తడిసి ముద్దవుతుంటే చూస్తాను. పక్క ఫ్లాట్ అమ్మాయి, పద్నాలుగేళ్లది, రంగు మొహంతో లిఫ్టెక్కి పైకీ కిందికీ తిరుగుతుంది. పన్నెండేళ్లకే డబ్బా వదిలేసిన నాకు ఆ పిల్లని చూస్తే కడుపు నిండుతుంది. పాతదంతా తెచ్చిస్తాను, దీన్ని తిరిగిచ్చెయ్ అని ఎవరైనా బేరం పెడితే నేనొప్పుకోను.

కానీ ఆ పిల్లకి మా ఫ్లోర్లో నాలుగిళ్లు తప్ప ఎవరూ తెలియదు. రంగు చల్లుకునేది అప్పటికే తెలిసినవాళ్ల మీద. జాజిరిలో మేం తెలియనివాళ్ల గడప ఎక్కేవాళ్లం. ఏ గల్లీలో ఎవరున్నారు, ఎవరింట్లో ముసలమ్మ మంచం పట్టింది, ఎవరు తలుపు సగమే తీస్తారు, అన్నీ మాకు తెలిసేవి. ఇరానీ హోటలాయనకీ మార్వాడీ సేటుకీ కూడా మేం ఎవరి పిల్లలమో తెలిసేది. పోయింది అదే.

ఠాణే స్నేహితురాలు ఇప్పుడు అష్దోద్‌లో ఉంటుంది. వాళ్లవాళ్లు చాలామంది 1948 తర్వాత ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. పూరీం నాడు ఫోన్ చేస్తుంది. అక్కడ వేషాలేసుకున్న పిల్లలు వీధుల్లో తిరుగుతూనే ఉంటారట. ఎదురింటికి పళ్లెం పంపడం మానితే నియమం తప్పినట్టే కాబట్టి, బద్ధకమైనా పంపుతారట. మన జాజిరికి అలాంటి రాతకోత ఏదీ లేదు. అడిగే పిల్లలు, ఇచ్చే పెద్దలు, వెన్నెల, అంతే దాని శాస్త్రం. అడిగేవాళ్లు రావడం మానేయగానే ఇచ్చేవాళ్లకి గుర్తు చేసే దిక్కు లేకుండా పోయింది.

కరీంనగర్, నిజామాబాద్ వైపు కొన్ని ఊళ్లల్లో పిల్లలు ఇంకా తిరుగుతారని విన్నాను. మన పట్నంలో కూడా బస్తీల నుంచి ఒకటీ అరా గుంపు బయల్దేరి, అపార్టుమెంట్ల గేట్ల దగ్గరే ఆగిపోతుంది. వచ్చే ఫాల్గుణంలో మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పదేసి రూపాయల నోట్లు నాలుగు విడిగా పెట్టుకోండి, కింద వాచ్‌మన్‌కి ఒక్క మాట చెప్పండి, పిల్లలొస్తే పైకి పంపమని. ఎవరి పిల్లలని మాత్రం అడగొద్దనండి.